ధర మండుతున్నప్పుడు పాతికేళ్ల కరెంటు ఒప్పందం చేసుకోవచ్చా?

రేణిగుంట లేత్: మాది నాలుగు మిషన్ల లేత్ షాపు. బిల్లులో వాడిన యూనిట్ల కింద ఎఫ్‌పీపీసీఏ అని 40 పైసల దాకా వేశారు, దాని కింద ట్రూఅప్ అని ఇంకో లైను. మనకు కరెంటు పంచే డిస్కం ఎప్పుడో ఎక్కువకు కొన్న కరెంటుకు ఇప్పుడు మనం కట్టే బాకీ అది. 2022 ఏప్రిల్ గుర్తుందా? 8 నుంచి 22 దాకా పవర్ హాలిడే. వారానికో రోజు సెలవు కాక ఇంకో రోజు షట్టర్ దించుకున్నాం. మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి ఇవ్వాల్సిన పంపు షాఫ్టులు బెంచీ మీదే తుప్పు పట్టాయి. నేననేది ఒకటే: మన డిస్కం ఎస్పీడీసీఎల్, ఏ రోజు ధరకు ఆ రోజు కరెంటు దొరికే ఎక్స్ఛేంజి వెంట పరిగెత్తడం మాని, ఒకే ధరకు ఏళ్ల తరబడి ఒప్పందం చేసుకోవాలి.

లెక్కల మాస్టారు: మండుతున్నప్పుడు సంతకం పెడితే ఆ మంట పాతికేళ్లు మనదే అన్నా. ఇంతకుముందు గాలి కరెంటును యూనిట్ 4 రూపాయల 80 పైసల పైన కొన్నారు. 2019లో ఇది మరీ ఎక్కువని ప్రభుత్వం కమిటీ వేసింది. కోర్టులో తేలేదాకా గాలికి 2.43, సోలార్‌కు 2.44 చొప్పున కట్టారు. 2022 మార్చిలో హైకోర్టు ఏమంది? ఒప్పందంలో రాసుకున్న ధరే కట్టమంది, బకాయిలు ఆరు వారాల్లో తీర్చమంది.

పాకాల రైతు: సరిగ్గా అప్పుడే కదా సార్, ఎక్స్ఛేంజిలో యూనిట్ 20 రూపాయలు తాకింది! ఏప్రిల్లో కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ ఆ ధర పరిమితిని 12కు దించింది. ఆ లెక్కన 4.80 చవకే. అయినా ధర రాసుకున్నంత మాత్రాన అయిపోదు. 2025లో తోతాపురి కిలో 12 అన్నారు, 8 ఫ్యాక్టరీ, 4 ప్రభుత్వం. ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లో పండు కారిపోతుంటే ఆ 8 కోసం ఎవరి చొక్కా పట్టుకోవాలో తెలియలేదు.

రిటైర్డ్ లైన్‌మన్: ముగ్గురూ ధర గురించే కొట్టుకుంటున్నారు, గంట గురించి ఎవరూ అడగరేం? గాలి జూన్ తర్వాతే జోరుగా వీస్తుంది. ఏప్రిల్లో సాయంత్రం ఏడింటికి సోలార్ ఉండదు. ఇళ్లలో ఏసీలు, షాపుల్లో లైట్లు అన్నీ అప్పుడే వేస్తారు. 4.80 చవకే కావచ్చు, ఆ పూట రాని కరెంటుకు చవకేమిటప్పా? పొలాలకు పగటిపూట ఇచ్చే తొమ్మిది గంటల కరెంటుకు సోలార్ సరిపోతుంది, అందుకే కేంద్ర సంస్థ సెకీతో యూనిట్ 2.49కి చేసుకున్న సోలార్ ఒప్పందాన్ని నేను పూర్తిగా తప్పు పట్టను. రాత్రికి బొగ్గే దిక్కు.

రేణిగుంట లేత్: అయితే బొగ్గుతోనే పాతికేళ్లకు రాసుకుందాం.

రిటైర్డ్ లైన్‌మన్: బొగ్గు ఒప్పందంలో ఒకే ధర అనేది ఉండదు. రెండు ముక్కలు. ఒకటి ఫిక్స్‌డ్ చార్జి, మనం కరెంటు తీసుకోకపోయినా, ప్లాంటు సిద్ధంగా ఉంటే చాలు, కట్టాలి. రెండోది వేరియబుల్, బొగ్గు ధరతో పాటు పెరుగుతుంది. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత విదేశీ బొగ్గు ధర పెరిగేసరికి, అది కాల్చే ప్లాంట్ల కరెంటు ధర కూడా పెరిగింది. నీ బిల్లులో ఆ ఎఫ్‌పీపీసీఏ లైను అక్కడి నుంచీ వస్తుంది. నన్నడిగితే సాయంత్రం పూట వాడకం ఎక్కువుండే ఆ నాలుగు గంటల కరెంటు కోసం వేరే టెండరు పిలవాలి, అదీ ఒకేసారి కాదు, మూడు విడతల్లో. గాలి మిగిలే నెలల్లో ఉత్తరాదికిచ్చి, ఎండాకాలంలో వెనక్కి తీసుకునే మార్పిడి కూడా పెంచాలి.

లెక్కల మాస్టారు: విడతల మాటకు నేనూ ఒప్పుకుంటా. పాతికేళ్ల మాటకు మాత్రం ఒప్పుకోను.

రేణిగుంట లేత్: ఈసారి రాష్ట్రంలో కరెంటు ధరలు ఖరారు చేసే ఏపీఈఆర్సీ బహిరంగ విచారణలో ఒక్కటే అడుగుదాం: కొత్త ఒప్పందాల్లో రాత్రి ఏడింటికి ఎన్ని యూనిట్లు? మాస్టారూ, ఆ ఆబ్జెక్షన్ మీరే రాసివ్వండి, నేను చదువుతా. మెగావాట్ అనే మాట మాత్రం తక్కువ పెట్టండి, నాకు అక్కడే నాలుక తడబడుతుంది.