వేట విందుకు పిలిచారు, వెళ్ళాలా?

ప్రశ్న (అమెరికాలోని ఉత్తర విస్కాన్సిన్, కొత్తగా వచ్చినవారు):

అందరికీ నమస్కారం. ఆసుపత్రిలో ఉద్యోగం రావడంతో ఈ మధ్యే ఈ చిన్న ఊరికి వచ్చాం. ఫిబ్రవరి చివర ఇక్కడ ఏటా అడవి జంతువుల మాంసంతో పెద్ద విందు చేస్తారట. వచ్చిన డబ్బు ఊరి పిల్లలకు సేద్యం, చేతిపనులు నేర్పే 4-హెచ్ క్లబ్బుకూ వాళ్ళ ఐస్ హాకీ జట్టుకూ వెళుతుందట. మా అమ్మాయి ఆ క్లబ్బులోనే చేరింది. తోటి ఉద్యోగి ఒకాయన టికెట్లు తెచ్చి చేతిలో పెట్టారు. నేను మాంసం తింటాను. నా భార్య శాకాహారి, ఇప్పుడు గర్భవతి కూడా. జింక మాంసం అంటే నాకే మనసు ఒప్పడం లేదు, మన దేశంలో అది నేరం కదా. వెళ్ళకపోతే ఏమైనా అనుకుంటారా?

జవాబు (గ్రీన్ బే):

తప్పకుండా వెళ్ళండి. తినాలా వద్దా అన్నది తర్వాత చూసుకోవచ్చు.

మీ మనసు ఒప్పకపోవడం సహజం. తెలంగాణకు చుక్కల జింక, ఆంధ్రప్రదేశ్‌కు కృష్ణజింక రాష్ట్ర జంతువులు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నీడలో పెరిగిన మనకు జింకను వేటాడటం అంటే జైలే గుర్తొస్తుంది. ఇక్కడి చరిత్ర వేరు. 19వ శతాబ్దంలో ఇక్కడ అమ్మకం కోసం వేటాడారు, దొరికినదాన్నల్లా రైళ్ళలో నగరాలకు పంపారు. 1871లో విస్కాన్సిన్ అడవుల్లో ప్యాసింజర్ పావురాలు కోట్ల సంఖ్యలో గూళ్ళు కట్టాయి. ఆ జాతిలో చివరి పక్షి 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతు ప్రదర్శనశాలలో చనిపోయింది. తెల్లతోక జింకలు కూడా చాలాచోట్ల కనిపించకుండా పోయాయి. అప్పుడు వీళ్ళు వేటను పూర్తిగా మానలేదు, అమ్మకాన్ని ఆపారు. లైసెన్సు, కాలం, పరిమితి పెట్టారు. 1937లో వచ్చిన చట్టం ప్రకారం వేట తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం పన్ను వసూలై వన్యప్రాణుల పునరుద్ధరణకే వెళుతుంది. ఇప్పుడు జింకలు ఎంతగా పెరిగాయో రాత్రిపూట కౌంటీ రోడ్డు మీద కారు నడిపితే మీకే తెలుస్తుంది.

ఈ విందు అర్థం కావాలంటే ఆ అమ్మకం నిషేధం గుర్తుంచుకోవాలి. అడవిలో కొట్టిన జింక మాంసాన్ని ఇక్కడ అమ్మకూడదు. అడవి బాతులనూ అంతే, 1918 నాటి వలస పక్షుల చట్టం ఒప్పుకోదు. హోటల్లో దొరికే జింక మాంసం ఫారాల్లో పెంచినది. కాబట్టి ఆ రాత్రి బల్ల మీదికి వచ్చే మాంసం ఊరివాళ్ళు తమ ఇంటి ఫ్రీజర్లలోంచి తీసి ఉచితంగా ఇచ్చినదే. తుపాకులతో జింకల వేట నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులు సాగుతుంది. ఫిబ్రవరి నాటికి ఇంటింటా ఫ్రీజరు నిండి ఉంటుంది, బయట మంచు, పొలం పనులు ఉండవు. అందుకే ఈ విందులు చాలావరకు చలికాలం చివర్లో వస్తాయి. మన ఊళ్ళలో జాతరకు తలా ఒక చెయ్యి వేసినట్టే ఇదీ. మాంసానికి ఖర్చు లేదు, వంటకు కూలి లేదు. టికెట్ డబ్బులో చాలా భాగం పిల్లలకే మిగులుతుంది. హాకీ ఆడించడం ఎంత ఖర్చో, మంచు మైదానానికి గంటకు ఎంత అద్దె కట్టాలో ఏ తల్లిదండ్రులను అడిగినా చెబుతారు.

తినేటట్లయితే రెండు మూడు విషయాలు అడగండి. జింక మాంసంలో కొవ్వు చాలా తక్కువ. అందుకని సాసేజ్‌లోనూ కైమాలోనూ పంది కొవ్వో గొడ్డు కొవ్వో కలుపుతారు. మీకు పట్టింపు ఉంటే ముక్కలుగా వండినదే వడ్డించుకోండి. విస్కాన్సిన్ జింకల్లో 2002లో సీడబ్ల్యూడీ అనే మెదడు జబ్బు బయటపడింది. మనుషులకు సోకినట్టు ఇంతవరకు రుజువు కాలేదు, కానీ జబ్బు ఉన్నట్టు తేలిన జంతువును తినవద్దని ఆరోగ్య శాఖల సలహా. ఇచ్చిన జింకలకు పరీక్ష చేయించారా అని అడగడంలో తప్పేమీ లేదు, నిర్వాహకులకు ఇది అలవాటైన ప్రశ్నే. ఎలుగుబంటి మాంసం లోపలి దాకా బాగా ఉడికి ఉండాలి. అందులో ఉండే కొన్ని రకాల పురుగులు ఫ్రీజర్లో పెట్టినా చావవు.

ప్రశ్న (మళ్ళీ వారే):

చాలా ధన్యవాదాలు. ఇంకొక సంగతి. అక్కడ లాటరీ టికెట్లు అమ్ముతారట, మొదటి బహుమతి వేట తుపాకీ. పిల్లల కోసమే కదా అని నాలుగు కొందామనుకున్నాను. నాది హెచ్-1బి వీసా.

జవాబు (గ్రీన్ బే):

ఆగండి, ఇది ముఖ్యం. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ కలిగి ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు లాంటివి కొన్ని ఉన్నాయి గానీ, వాటిని నమ్ముకుని మీరు ముందుకు వెళ్ళవద్దు. బహుమతి తీసుకునేటప్పుడు తుపాకుల దుకాణంలో ఒక ఫెడరల్ పత్రం నింపాలి, అందులో మీ వీసా సంగతి అడుగుతారు. అక్కడ తప్పు రాస్తే గ్రీన్ కార్డు దాకా వెంటాడుతుంది. తుపాకీ ఉన్న లాటరీని పూర్తిగా వదిలేయండి. దుప్పట్లు, ఐస్ పెట్టెలు, చేపల గాలాలు బహుమతులుగా పెట్టే లాటరీలు పక్కనే ఉంటాయి, అవి కొనండి. పన్ను లెక్కల్లో లాటరీ టికెట్లను విరాళంగా చూపకూడదు. విందు టికెట్లో భోజనం విలువ పోగా మిగిలినదే విరాళం.

జవాబు (డులూత్, మిన్నెసోటా):

మీ భార్య సంగతి నేను చెబుతాను. ఆమెకు విందులో తినడానికి ఏమీ ఉండదని ఇంట్లో వదిలి వెళ్ళకండి. వైల్డ్ రైస్ తప్పకుండా ఉంటుంది. ఈ ప్రాంతపు ఆదివాసులైన ఒజిబ్వే ప్రజలు పడవల్లో వెళ్ళి కర్రలతో తట్టి గింజలు రాల్చుకునే, చెరువుల్లో పండే ధాన్యం అది. కాకపోతే అందులో కోడి రసమో పంది మాంసపు ముక్కలో వేస్తారు. ముందుగా ఫోన్ చేసి ఒక చిన్న గిన్నె విడిగా తీయమంటే సంతోషంగా తీస్తారు. ఆమె తినేది కాదు గానీ, పెద్దలకు తెలియాల్సిన మాట ఒకటి ఉంది: సీసపు తూటాతో కొట్టిన జింక మాంసం గర్భిణులకూ ఆరేళ్ళలోపు పిల్లలకూ పెట్టకూడదు. 2008లో ఉత్తర డకోటాలో పేదలకు పంచే జింక కైమాలో సీసపు ముక్కలు దొరికితే ఆ మాంసాన్నంతా పారేయించారు. విందుకు పసివాళ్ళు కూడా వస్తారు కాబట్టి చెబుతున్నాను.

ఇంకొక మాట. టికెట్ కొని తిని రావడంతో సరిపెట్టుకోకండి. ఆ రోజు పొద్దున వంటగదికి వెళ్ళి బంగాళాదుంపల చెక్కు తీయండి, రాత్రి గిన్నెలు కడగండి. ఊళ్ళో పిల్లల తల్లిదండ్రులు మీకు అక్కడే పరిచయమవుతారు. వేలంపాటలో పెట్టడానికి మీ తరఫున ఒక వస్తువు ఇవ్వాలనిపిస్తే ఆరుగురికి తెలుగు భోజనం అని రాసివ్వండి. పప్పు, పులిహోర, గుత్తి వంకాయ, పెరుగన్నం చాలు. మీ ఇంట్లో వండి పెట్టాలి కాబట్టి తేదీ మాత్రం కాన్పు తర్వాత, వేసవిలో పెట్టుకోండి.