ఐర్లాండ్‌లో క్రిస్మస్ బోనస్: కేరర్స్ అలవెన్స్ ఇంకా మంజూరు కాకపోతే?

అందరికీ నమస్కారం. డబ్లిన్ దగ్గర ఉంటున్నాం. మా బాబుకి ఆటిజం. వాణ్ణి చూసుకోవడానికి నా భార్య ఉద్యోగం మానేసింది. సెప్టెంబర్‌లో కేరర్స్ అలవెన్స్‌కి (ఇలా ఒకరిని చూసుకునేవాళ్ళకి ప్రభుత్వం వారం వారం ఇచ్చే డబ్బు) అప్లై చేశాం, ఇంకా నిర్ణయం రాలేదు.

ఇక్కడ డిసెంబర్ మొదట్లో పింఛనుదారులకి, కేరర్లకి, వికలాంగులకి క్రిస్మస్ బోనస్ అని ఒక వారం డబ్బు అదనంగా వేస్తారు కదా. దీనికి వేరే అప్లికేషన్ అక్కర్లేదని, అర్హత ఉంటే దానంతటదే పడుతుందని తెలుసు. 2009లో ఆపేసి, 2014లో కొంత భాగంతో మళ్ళీ మొదలుపెట్టి, 2018 నుంచి పూర్తి వారం మొత్తం ఇస్తున్నారు.

నా సందేహం ఒక్కటే. మా అప్లికేషన్ జనవరిలోనో ఫిబ్రవరిలోనో మంజూరై, సెప్టెంబర్ నుంచి బకాయిలు లెక్కకట్టి ఇస్తే, అందులో బోనస్ కూడా కలుపుతారా? లేక బోనస్ పడే వారానికి చేతికి పేమెంట్ అందుతున్న వాళ్ళకేనా? ఫోన్‌లో అడిగితే ఒకరు వస్తుందన్నారు, ఇంకొకరు రాదన్నారు.

ఒక్క జీతంతో అద్దె, బాబు థెరపీ ఫీజులు కట్టుకుంటూ వస్తున్నాం. చలికాలం కరెంటు బిల్లు తలుచుకుంటేనే టెన్షన్. మాకు ఆ వారం డబ్బు చిన్న మొత్తం కాదు.

ఇలా మంజూరు ఆలస్యమైన వాళ్ళు ఎవరైనా ఉంటే, బోనస్ తర్వాత వచ్చిందా? రాకపోతే ఉత్తరం రాసి అడిగారా, అప్పీలుకి వెళ్ళారా? దయచేసి మీ అనుభవం చెప్పండి.