సున్నపు గరప నేల: గంధకం వెయ్యాలా, జిప్సం వెయ్యాలా, లోతు దుక్కి చెయ్యాలా?

మెట్టసాలు:

అందరికీ నమస్కారం. వాన తక్కువ పడే మైదానంలో చదును భూమి. బోరు నీటితో ఆరుతడి పంటలు, వేరుశనగ తర్వాత మొక్కజొన్న. పై 15 సెం.మీ. మట్టికి పరీక్ష ఫలితం ఇలా వచ్చింది: పీహెచ్ 8.2, ఈసీ (కరిగిన లవణాల కొలత) 0.3, సేంద్రియ కర్బనం 0.35 శాతం, క్యాల్షియం కార్బొనేట్, అంటే సున్నం, 12 శాతం. కిలో మట్టిలో ఓల్సెన్ పద్ధతి భాస్వరం 6 మి.గ్రా., డీటీపీఏ ద్రావణంతో తీసిన ఇనుము 5.2 మి.గ్రా., జింక్ 0.4 మి.గ్రా. నేల రకం గరప (ఇసుక, ఒండ్రు, బంక కలిసినది) అని రాశారు. 45 సెం.మీ. లోతుకు వెళ్తే తెల్లటి సున్నపు గడ్డలు తగులుతాయి.

ఏటా భాస్వరం పూర్తి మోతాదులో చల్లుతున్నా పైరులో తేడా లేదు, పరీక్షలో అంకె కూడా పెద్దగా కదలడం లేదు. వాన పడి ఎండ కాసిందంటే పైన అట్ట కట్టి మొలక లేవడం లేదు. వేరుశనగ లేత ఆకులు పాలిపోతున్నాయి. ఎకరాకు 200 కిలోల గంధకం వేస్తే పీహెచ్ 7కి దిగుతుందని ఒకరు, జిప్సం వేస్తే సున్నం విరుగుతుందని ఇంకొకరు, లోతుగా దున్ని గడ్డల పొరను తిరగెయ్యమని మరొకరు చెబుతున్నారు. వీటిలో దేనితో మొదలుపెట్టాలి?

గట్టుమట్టి:

ముందు గంధకం లెక్క చూడండి. ఎకరా నేలలో పై 15 సెం.మీ. మట్టి బరువు దాదాపు 9 లక్షల కిలోలు. అందులో 12 శాతం సున్నం అంటే 108 టన్నులు. 100 కిలోల క్యాల్షియం కార్బొనేట్‌ను విరవడానికి 32 కిలోల గంధకం పూర్తిగా ఆమ్లంగా మారాలి. అంటే ఎకరాకు దగ్గర దగ్గర 35 టన్నులు కావాలి, అదీ పై పొరకే. 200 కిలోలు చల్లి దున్నితే దాని ఆమ్లాన్ని తాకిన చోటల్లా సున్నమే విరిచేస్తుంది, మొత్తం పీహెచ్ అక్కడే ఉంటుంది. పైగా మీ బోరు నీరు ఏటా కొత్త సున్నం తెస్తోంది. లీటరుకు 4 మిల్లీ ఈక్వివలెంట్ల బైకార్బొనేట్ ఉన్న నీటిని పంటకాలంలో 500 మి.మీ. పెడితే, అదంతా సున్నంగా దిగినప్పుడు ఎకరాకు 400 కిలోలవుతుంది.

జిప్సం సంగతి వేరు. అది క్యాల్షియం సల్ఫేట్. క్యాల్షియం ఇప్పటికే నిండుగా ఉన్న నేలకు మళ్లీ క్యాల్షియం ఇస్తే సున్నం విరగదు, పీహెచ్ తగ్గదు. సోడియం చేరిన చౌడు నేలకే జిప్సం వైద్యం. సున్నం ఉన్నంత మాత్రాన పీహెచ్ 8.4 దగ్గర ఆగిపోతుంది. 8.5 దాటిందంటే సోడియం పని చేస్తోందేమోనని అనుమానించి, వినిమయ సోడియం శాతం (మట్టి రేణువులు పట్టుకున్న సోడియం వాటా) పరీక్ష చేయించాలి. అది 15 దాటితే అప్పుడు జిప్సం. మీ 8.2 పీహెచ్, 0.3 ఈసీ చూస్తే ఇది చౌడు కాదు, శుద్ధమైన సున్నపు నేల. వేరుశనగకు గంధకం పోషకంగా, కాయ కట్టే చోట క్యాల్షియం అందుబాటుకు పూత దశలో జిప్సం వేసేవాళ్లున్నారు, అది సరే. నేల బాగవుతుందని మాత్రం వెయ్యకండి.

లోతు దుక్కి సలహా నాకు అన్నిటికన్నా భయం కలిగిస్తోంది. ఈ వాతావరణంలో వాన నీరు కొంత లోతు వరకే దిగుతుంది. వేర్లు వదిలే కార్బన్ డయాక్సైడ్ కలిసిన నీటిలో పైపొర సున్నం కరిగి కిందికి జారుతుంది. నీళ్లను వేర్లు పీల్చేసుకున్న చోట అది మళ్లీ తెల్లగా గడ్డ కడుతుంది. మీ 45 సెం.మీ. దగ్గరి గడ్డలు అలా పుట్టినవే. నాగలితో తిరగేస్తే తక్కువ సున్నమున్న పైమట్టి కిందికి, ఎక్కువ సున్నమున్న అడుగుమట్టి విత్తనం దగ్గరికి వస్తాయి. చదును చేసేటప్పుడు మట్టి కోసేసిన చోటే పైరు పసుపు రంగు మచ్చలుగా కనిపించేది ఇందుకే. మీ పొలంలోనూ ఆ మచ్చలు పాత ఎత్తు భాగాల మీదే ఉన్నాయేమో నడిచి చూడండి.

గడ్డలు విడివిడిగా ఉన్నాయా, పలకలా అతుక్కుపోయాయా అన్నది ముఖ్యం. ఒక ముక్క తవ్వి తీసి రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. తెల్లారేసరికి విడిపోతే వేర్లు సందులు చూసుకుని దిగుతాయి, దాన్ని ముట్టుకోవద్దు. విడిపోకపోతే సిమెంటులా కట్టిన పలక. అప్పుడు కూడా తిరగెయ్యకుండా, నేల పొడిగా ఉన్నప్పుడు సబ్‌సాయిలర్‌తో (మట్టిని తిరగెయ్యకుండా లోతుగా చీల్చే పనిముట్టు) చీల్చాలి. తడి నేలలో ఆ పనిముట్టు పొరను పగలగొట్టదు, పక్కల్ని నున్నగా నొక్కేసి పోతుంది.

సాలుకింద:

భాస్వరం గురించి నేను చెబుతాను. సూపర్ ఫాస్ఫేట్ గానీ డీఏపీ గానీ చల్లి కలియదున్నితే, ప్రతి గుళికా అన్ని వైపులా సున్నాన్ని తాకుతుంది. మొదట సున్నపు రేణువుల మీద భాస్వరం అంటుకుంటుంది, తర్వాత డైక్యాల్షియం ఫాస్ఫేట్‌గా, మెల్లగా ఇంకా కరగని రూపాల్లోకి మారిపోతుంది. మొత్తం పోయినట్టు కాదు. నిల్వగా ఉండి ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా వదులుతుంది. కానీ మొలకకు మొదటి 3, 4 వారాల్లో కావలసింది అప్పుడు దొరకదు.

అందుకే చల్లడం మానేసి సాలులో వెయ్యండి. విత్తనానికి 5 సెం.మీ. పక్కగా, 5 సెం.మీ. కిందగా ఒకే పట్టీగా పడాలి. పట్టీలో గుళికలు గుంపుగా ఉంటాయి కాబట్టి సున్నాన్ని తాకే ఉపరితలం తగ్గుతుంది, ఆ భాగం వేర్లకు సులువుగా చిక్కుతుంది. డీఏపీని విత్తనానికి ఆనించి వేస్తే మాత్రం అమ్మోనియా తగిలి మొలక మాడుతుంది. ఒకవేళ 200 కిలోల గంధకం కొనేసి ఉంటే, అదీ ఇదే పట్టీలో నలిపి వెయ్యండి. ఆ సన్నని చార వరకు పీహెచ్ కొంత తగ్గుతుంది, అయితే సూక్ష్మజీవులు దాన్ని మార్చడానికి వెచ్చదనం, తేమ, కొన్ని వారాల సమయం కావాలి. రాక్ ఫాస్ఫేట్ చవకగా దొరికినా ఈ నేలకు వద్దు. అది కరగాలంటే ఆమ్ల నేల ఉండాలి.

మీ లెక్క ఓల్సెన్ పద్ధతిలో ఉండటం మంచిదైంది. 1954లో ఆ పద్ధతి వచ్చిందే సున్నపు నేలల కోసం, పీహెచ్ 8.5 ఉండే సోడియం బైకార్బొనేట్ ద్రావణంతో తీస్తారు. ఆమ్ల ద్రావణంతో తీసే పద్ధతుల్లో ఆమ్లాన్ని సున్నమే తినేస్తుంది, అంకె నమ్మదగ్గది కాదు.

జింక్ 0.4 అంటే తక్కువే. సాధారణంగా 0.6 హద్దు. ఆఖరి దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేస్తే రెండు మూడు పంటలకు సరిపోతుంది. భాస్వరపు ఎరువుతో కలపకుండా విడిగా వెయ్యండి, కలిస్తే రెండూ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి.

యూరియా పై మీద చల్లి వదిలేస్తే ఈ పీహెచ్‌లో నత్రజని అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. 5 సెం.మీ. మట్టి కప్పాలి, లేదా చల్లిన వెంటనే తడి ఇవ్వాలి. అమ్మోనియం సల్ఫేట్ ఆమ్ల గుణం ఉన్నది కాబట్టి పైన చల్లినా ఫర్వాలేదని చాలామంది నమ్ముతారు. సున్నం మీద పడితే దాని నుంచి జిప్సం, అమ్మోనియం కార్బొనేట్ ఏర్పడతాయి, అదీ ఎగిరిపోతుంది. దాన్నీ కప్పాల్సిందే.

మెట్టసాలు:

చాలా ఉపయోగపడింది, ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక్కటి అర్థం కాలేదు. ఇనుము హద్దు 4.5 అంటారు, మాకు 5.2 ఉంది. మరి లేత ఆకులు ఎందుకు పాలిపోతున్నాయి? తడి పెట్టాక ఇంకా ఎక్కువవుతోంది. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) లీటరుకు 5 గ్రాములు పిచికారీ చేస్తే కొన్ని ఆకులు మాడాయి, కొన్నింటిపై చుక్కలు చుక్కలుగా పచ్చగా వచ్చింది.

ఈనెలపచ్చ:

ఆ చుక్కలే మీకు జవాబు చెబుతున్నాయి. ఇనుము ఆకులో చుక్క పడిన చోటే పనిచేస్తుంది, పక్కకు పాకదు. చుక్క పడిన చోట పచ్చబడిందంటే లోపం ఇనుముదే. ఇంకా నమ్మకం కావాలంటే పసుపు ఆకులో సగానికే ద్రావణం బ్రష్షుతో పూసి, మూడు నుంచి అయిదు రోజుల తర్వాత రెండు సగాలూ పోల్చండి. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు, అదీ లేత ఆకుల్లో వస్తే ఇనుము. ముదురు ఆకు మొత్తం ఒకేలా పాలిపోతే నత్రజని. ఆకు చిన్నదై, కణుపుల మధ్య దూరం తగ్గితే జింక్.

డీటీపీఏ అంకెను ఇక్కడ ఒక్కదాన్నే పట్టుకోవద్దు. నేలలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేకపోవడమే ఈ జబ్బు. మట్టి తడిసి గాలి ఆడకపోతే వేర్లు వదిలే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోలేక, సున్నంతో కలిసి బైకార్బొనేట్‌గా వేరు చుట్టూ చేరుతుంది. వేరుశనగ లాంటి మొక్కలు వేరు పక్కన ఆమ్లం వదిలి ఇనుమును లాక్కుంటాయి, ఆ ఆమ్లాన్ని బైకార్బొనేట్ విరిచేస్తుంది. మీకు తడి తర్వాత పసుపు పెరగడానికి అసలు కారణం ఇదే. పైన ఎంత అన్నభేది కొట్టినా నీళ్ల తీరు మారకపోతే కొత్త ఆకు మళ్లీ పసుపుగానే వస్తుంది. మొక్కజొన్న, జొన్న లాంటి గడ్డి జాతి పైర్ల వేర్లు ఇనుమును పట్టి తెచ్చే పదార్థాన్ని వదులుతాయి కాబట్టి వాటికి ఈ బాధ తక్కువ. వేరుశనగలో మొక్కజొన్నను అంతరపంటగా వేస్తే వేరుశనగ పసుపు కూడా తగ్గుతుంది, వేర్లు పక్కపక్కనే ఉండేంత దగ్గర సాళ్లలో అయితేనే.

పిచికారీ ఇలా చెయ్యండి. లీటరు నీటికి ముందు 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కరిగించి, ఆ తర్వాత 5 గ్రాముల అన్నభేది వేయాలి. వరుస మారితే బోరు నీటిలోని బైకార్బొనేట్ ఇనుమును తుప్పులా దించేస్తుంది. ద్రావణం లేత ఆకుపచ్చగా తేటగా ఉండాలి, గోధుమ రంగుకు తిరిగితే పారబోసి కొత్తది కలుపుకోండి. సాయంత్రం పూట కొట్టండి. మరీ లేత మొక్కలకు 2 గ్రాములతో మొదలుపెట్టండి. ఆకు మాడటానికి ఎండవేళ కొట్టడం, చిక్కదనం రెండూ కారణమే. వారం, పది రోజుల తేడాతో రెండు మూడుసార్లు కొట్టాలి. అన్నభేదిని నేలలో చల్లడం మాత్రం దండగ, ఈ పీహెచ్‌లో త్వరగా తుప్పు రూపంలోకి పోతుంది. నేలకే ఇవ్వాలంటే, ఇనుమును కరిగిన రూపంలో పట్టి ఉంచే చీలేట్లలో ఈడీడీహెచ్‌ఏ చీలేట్ ఒక్కటే నిలుస్తుంది. ఈడీటీఏ చీలేట్‌లో ఇనుము పీహెచ్ 6.5 దాటితే నిలవదు, డీటీపీఏ చీలేట్ కూడా 7.5 దాకే. సంచి మీద ఏ చీలేటో చూడకుండా కొనకండి.

తడిపదును:

ఇక నీళ్ల లెక్క. గరప నేల మీటరు లోతుకు దాదాపు 150 మి.మీ. నీటిని మొక్కకు అందేలా పట్టుకుంటుంది. మీకు గడ్డల పైన ఉన్నది 45 సెం.మీ. మాత్రమే, అంటే 67 మి.మీ. అందులో సగం ఖర్చయ్యాక తడి ఇవ్వాలి, 33 మి.మీ. రోజుకు 6 మి.మీ. ఆవిరయ్యే కాలంలో అది అయిదు రోజులకు వస్తుంది. పది రోజులకోసారి 80 మి.మీ. పెడితే చివరి రోజుల్లో పైరు వాడుతుంది, పెట్టిన రోజు మిగులు నీరు గడ్డల పొర మీద నిలిచి పై జవాబులో చెప్పిన బైకార్బొనేట్ సమస్య తెస్తుంది. తక్కువ నీరు, తరచుగా. డ్రిప్ పెడితే చుక్క కాడ సున్నం పేరుకుని రంధ్రాలు మూసుకుపోతాయి. ఆమ్లంతో నీటి పీహెచ్ 6.5 దగ్గరకు తెచ్చి అప్పుడప్పుడు లైను కడగాలి. ఆమ్లాన్ని నీటిలో పొయ్యాలి, నీటిని ఆమ్లంలో ఎప్పుడూ పొయ్యకూడదు.

అట్ట కట్టడానికి సున్నం కన్నా 0.35 శాతం కర్బనమే పెద్ద కారణం. గరపలో ఉండే సన్నని ఒండ్రు రేణువులు వాన చినుకు దెబ్బకు విడిపోయి, రంధ్రాలు పూడ్చి, ఎండగానే అంగుళంలోపు గట్టి పొర కడతాయి. మొలక వచ్చే రోజుల్లో పొర తడిగా ఉండేలా తేలికపాటి తడి ఇస్తే చాలావరకు మొలుస్తుంది. లేదా పైపైన దంతి తోలండి, మొలక మెడ విరగనంత పైగా. పంట చెత్తను నేల మీదే ఉంచడం, మాగిన పశువుల ఎరువు, పూతకు ముందే కలియదున్నిన జనుము లేదా జీలుగ, వీటితో రెండు మూడేళ్లకు తేడా తెలుస్తుంది. మరీ సన్నగా పిండిలా దుక్కి చెయ్యడం ఆపండి.

మెట్టసాలు:

మళ్లీ పరీక్షకు ఇస్తే ఏమేం అడగాలి? మట్టి ఎలా తియ్యాలి?

గట్టుమట్టి:

పచ్చ భాగం, పసుపు భాగం కలిపేయకుండా విడివిడిగా తియ్యండి. రెండు చోట్లా 0–15, 15–30, 30–60 సెం.మీ. వేర్వేరు సంచుల్లో. ప్రతి పొర మీదా 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేసి నురుగు ఎంత సేపు ఉంటుందో రాసుకోండి. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. మొత్తం సున్నంతో పాటు చురుకైన సున్నం, అంటే అమ్మోనియం ఆక్సలేట్‌తో తీసే అతి సన్నని సున్నం, కూడా అడగండి. ఇనుము లోపాన్ని మొత్తం శాతం కన్నా అదే బాగా పట్టిస్తుంది, ముతక గడ్డలు అంత హాని చెయ్యవు. నేల రకాన్ని సున్నం తీసేసి కొలిచారో, ఉంచి కొలిచారో కూడా అడగండి. సన్నని సున్నం ఒండ్రుగానో బంకగానో లెక్కకు వచ్చేస్తుంది. వీటితో పాటు బోరు నీటి సీసా ఒకటి ఇచ్చి బైకార్బొనేట్, క్యాల్షియం, మెగ్నీషియం, సోడియం చూపించండి. బైకార్బొనేట్, కార్బొనేట్ కలిపిన మొత్తంలోంచి క్యాల్షియం, మెగ్నీషియం తీసేస్తే మిగిలేది లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటితే, నేల మెల్లగా చౌడుకు తిరుగుతుంది. జిప్సం గురించి మళ్లీ మాట్లాడుకోవాల్సింది అప్పుడే.