‘నలుపు తెలుపు ఫోటో’కి కావలసింది రంగా, చాయా?

ద్వారకానగర్ సభ్యురాలు:
అందరికీ నమస్కారం. ఇంట్లోనే ఫోటోలు ప్రింటు తీసుకోవాలనుకునే మా మిత్రుల కోసం, ఇంక్‌జెట్ ప్రింటరు ఎంచుకోవడం మీద తెలుగులో చిన్న కరపత్రం రాస్తున్నాను. ఒక వాక్యం దగ్గర బండి ఆగింది. ‘నలుపు తెలుపు ఫోటోలు కావాలంటే బూడిద రంగు ఇంకు ఉన్న ప్రింటరు కొనండి’ అని రాశాను. చదివిన ఒకావిడ, ‘నలుపు తెలుపుకి నల్ల ఇంకు చాలదా? మధ్యలో ఈ బూడిద ఎందుకు?’ అంది. ఇంకొకాయనకి బూడిద అనగానే వెలిసిపోయిన ఫోటో గుర్తొచ్చిందట. ‘గ్రే’ అని వదిలేయమంటారా? మంచి తెలుగు మాట ఏదైనా ఉందా?

సీతమ్మధార మాస్టారు:
అమ్మా, బూడిదని ఏమీ అనకండి. చిక్కంతా పక్కనున్న ‘రంగు’తో వచ్చింది. బూడిద రంగు అనేసరికి ఎరుపు, పసుపు లాగా అదీ ఇంకో రంగు అనుకుంటారు. అక్కడ మీరు చెప్పదలచింది చాయ. పెళ్లిచూపుల కబుర్లలో ‘పిల్ల చామనచాయ’ అంటాం కదా, అంటే నలుపూ కాదు, తెలుపూ కాదు, నడుమ ఎక్కడో ఉందని. ‘ఛాయ’కి సంస్కృతంలో నీడ అనీ అర్థముంది, కాంతి అనీ అర్థముంది. వెలుగూ నీడా రెండూ ఒక్క మాటలోనే ఉన్నాయి. ఫోటోని ఛాయాచిత్రం అన్నవారెవరో గానీ సరైన మాటే పట్టుకున్నారు.

ఎంవీపీ కాలనీ:
చాయ అంటే మా ఇంట్లో మినపప్పే గుర్తొస్తుంది మాస్టారూ 🙂

గాజువాక, స్టూడియో నడుపుతున్నవారు:
మాస్టారూ, మాట బాగుందండి, మెషీను చేసే పనికి అతికినట్టుంది. కొంచెం పెద్దగా రాస్తాను, ఏమీ అనుకోకండి.

మామూలు ఫోటో ప్రింటర్లో తెల్ల ఇంకు ఉండదు. ప్రింటులో మీకు తెల్లగా కనబడేది కాగితమే. ఇంకు పడని చోటు తెలుపు, అంతే. కాబట్టి నలుపు తెలుపులో మెషీను వేయాల్సింది నలుపొక్కటే, తెలుపు కాగితానిదే. మరి మధ్యలో ఉన్న ఇన్ని చాయలూ ఎలా వస్తాయి? గ్రే ఇంకు లేని మెషీనుకి ఉన్న దారులు రెండు. నల్ల చుక్కలనే దూరందూరంగా వేయడం ఒకటి. అలా చేస్తే వెలుగు పడిన చెంప మీద చుక్కలు కంటికి తగులుతాయి. రెండోది సియాన్ (ఆకాశనీలం లాంటిది), మెజెంటా (ముదురు గులాబి లాంటిది), పసుపు మూడూ కలిపి బూడిదని పుట్టించడం. ఫోటో పేపరు మీద, ఈ మూడూ నలుపూ ఉన్న నాలుగు రంగుల ప్రింటర్లు చాలావరకు ఇదే చేస్తాయి. ఆ మూడింట్లో ఒకటి పిసరు ఎక్కువైతే చాలు, బూడిద కాస్తా ఏదో ఒక రంగు వైపు జారుతుంది.

ఈమధ్య ఒక కుర్రాడు ఫిషింగ్ హార్బర్లో తెల్లవారుజామున తీసిన ఫోటో వేరేచోట ప్రింటు చేయించి నా దగ్గరకి పట్టుకొచ్చాడు. లంగరేసిన పడవ, కింద నీళ్లలో దాని నీడ. ట్యూబ్‌లైటు కింద చూస్తే నీడలో పచ్చ జీర. గుమ్మం దగ్గరకెళ్లి ఎండలో పట్టుకుంటే అదే నీడ గులాబి వైపు తిరిగింది. ఏటండీ ఇది, ప్రింటు ఒక్కటే కదా అంటాడు. ప్రింటు ఒక్కటే, దాని మీద పడే వెలుతురు మారింది. ఆ బూడిదలో ఉన్న మూడు రంగులూ ఒక్కో వెలుతురులో ఒక్కోలా బయటపడతాయి. గ్రే ఇంకు విడిగా ఉన్న మెషీను ఈ మూడు రంగుల సాయం బాగా తక్కువ తీసుకుంటుంది. అందుకని ఈ జబ్బు బాగా తగ్గుతుంది.

ఎంవీపీ కాలనీ:
మసి పూసి మారేడుకాయ చేయడం విన్నాం. ఇది మసి కూడా పూయకుండా చేయడం!

గాజువాక:
హహ. సరిగ్గా చెప్పారు. పిగ్మెంట్ నలుపైతే నిజంగా మసేనండి. కార్బన్ బ్లాక్ అంటారు.

ద్వారకానగర్ సభ్యురాలు:
అడగాలనుకుంటున్నదే వచ్చింది. డై ఇంకు, పిగ్మెంట్ ఇంకు అని రెండు రకాలు రాయాలి. ‘వర్ణద్రవ్యం’ అని పెడితే పాఠ్యపుస్తకంలా ఉంది.

సీతమ్మధార మాస్టారు:
‘కరిగిన రంగు’, ‘నూరిన రంగు’ అని రాయండి. మొదటిది నీటిలో పూర్తిగా కలిసిపోతుంది. రెండోది కరగదు, సన్నటి పొడిగా నీటిలో తేలుతూ ఉంటుంది. దీపం మసిని జిగురుతో నూరి సిరా చేసుకున్న జాతి మనది. ‘నూరిన’ అంటే ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు.

గాజువాక:
భలే. కరిగిన రంగు కాగితం పూతలోకి ఇంకిపోతుంది. మెరిసే గ్లాసీ పేపరు మీద రంగులు కళకళలాడతాయి, పెళ్లి ఫోటోలకి జనం మెచ్చేది అదే. కానీ ఎండా గాలీ తగిలితే త్వరగా వెలుస్తుంది. నూరిన రంగు పైనే నిలబడుతుంది. మంచి పిగ్మెంట్ ఇంకుల్లో ఒక్కో రేణువు చుట్టూ రెజిన్ (జిగురు లాంటి) పొర ఉంటుంది. మన ఏటికొప్పాక బొమ్మ మీద రంగుని లక్కతో కలిపి పట్టిస్తారే, అలాంటిదన్నమాట. గోడకి కట్టి ఏళ్లపాటు ఉంచే నలుపు తెలుపు ప్రింటుకైతే నా ఓటు దీనికే. మన విశాఖపట్నం ఉక్కపోతలో కరిగిన రంగు ప్రింటు నెమ్మదిగా ఆరుతుంది, ఒక్కోసారి అంచులు చెమరుస్తాయి కూడా. వెంటనే ఫ్రేములో బిగించకండి.

గోపాలపట్నం:
చర్చ బాగుంది గానీ, ఇంతకీ ఏది కొనాలి? షాపులో ‘ఆరు రంగుల ప్రింటరు సార్, ఫోటోకి ఇదే బెస్టు’ అంటున్నారు.

గాజువాక:
‘ఆరు రంగులు’ అన్న మాట దగ్గరే జనం బోల్తా పడతారు. ఏ ఆరు? అది అడగాలి. ఎప్సన్ ఎల్ 8050లో మామూలు నాలుగుకి తోడు లేత సియాన్, లేత మెజెంటా ఉంటాయి. మొహాలు, ఆకాశం లాంటి లేత చోట్ల నునుపు రావడానికి అవి. కలర్ ఫోటోలకి చక్కటి మెషీను, ట్యాంకులో ఇంకు పోసుకునే రకం కాబట్టి ఇంకు ఖర్చూ తక్కువ. కానీ గ్రే లేదు. అదే ఎప్సన్ ఎల్ 8160, ఎల్ 8180లవీ ఆరే, అయితే అందులో గ్రే ఒకటి. కానన్ జి 570లోనూ ఆరే, అక్కడ గ్రేతో పాటు ఎరుపు. లెక్క ఒకటే, సరుకు వేరు.

ఇంకో మెషీను కానన్ ప్రో 200. అందులోవి కరిగిన రంగులే గానీ గ్రే, లేత గ్రే రెండూ ఉన్నాయి. పూర్తిగా నూరిన రంగులే కావాలంటే ఎప్సన్ పి 700 ఉంది. 13 అంగుళాల వెడల్పు కాగితం దాకా పడుతుంది, పది ఇంకులు, వాటిలోనూ గ్రే, లేత గ్రే. దాని అన్న పి 900 అయితే 17 అంగుళాలు. అయితే నెలకోసారి ప్రింటు తీసేవాళ్లకి మాత్రం ఇంత మెషీను వద్దంటాను. వాడకపోతే నాజిళ్లు (ఇంకు చిమ్మే సన్నటి రంధ్రాలు) ఎండుతాయి, వాటిని శుభ్రం చేయడానికే బోలెడు ఇంకు పోతుంది. అప్పుడప్పుడూ ప్రింటు కావలసినవాళ్లు మంచి ల్యాబుకి ఇచ్చుకోవడం మేలు.

ద్వారకానగర్ సభ్యురాలు:
అయితే ఇలా మారుస్తున్నాను: ‘ప్రింటరులో ఎన్ని రంగులున్నాయో అడిగి ఊరుకోకండి, నలుపుకి ఎన్ని చాయలున్నాయో అడగండి. లేత, ముదురు బూడిద ఇంకులు విడిగా ఉంటే నలుపు తెలుపు ఫోటో నిండుగా వస్తుంది.’ బూడిదని ఉంచేశాను, రంగుని తీసేశాను. రెండు నల్ల ఇంకుల పేర్లు, మ్యాట్ బ్లాక్, ఫోటో బ్లాక్ ఇంకా మిగిలాయి. ‘గరుకు నలుపు’, ‘నునుపు నలుపు’ బాగుంటాయా?

సీతమ్మధార మాస్టారు:
గరుకుదనం నలుపుకి లేదమ్మా, కాగితానిది. ‘గరుకు కాగితపు నలుపు’, ‘మెరుపు కాగితపు నలుపు’ అనండి. పొడుగైనా ఫరవాలేదు, ఏ కాగితానికి ఏది వాడాలో ఆ పేరే చెప్పేస్తుంది.

గాజువాక:
అదే రైటు. దాని కింద ఇంకో ముక్క కూడా వేయండి. పాత ఎప్సన్ పి 800 లాంటి వాటిలో ఈ రెండు నలుపులకీ దారి ఒక్కటే. కాగితం రకం మార్చినప్పుడల్లా పాత నలుపుని కడిగి కొత్తది నింపుకుంటుంది, ఆ కడిగిందంతా వృథా. పి 700, పి 900లలో దేని నాజిళ్లు దానివి. సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్లు ఈ సంగతి కనుక్కుని మరీ బేరమాడాలి.