నోటీసు బోర్డు అద్దం దగ్గరే ఆగిపోతున్న కళాశాల కబుర్లు: విద్యార్థికి చేరవేసేదెలా?

ప్రశ్న (వాణిజ్యశాస్త్ర అధ్యాపకురాలు, ప్రభుత్వ డిగ్రీ కళాశాల, తెలంగాణ)

అందరికీ నమస్కారం. నేను ఒక చిన్న పట్టణంలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో పనిచేస్తున్నాను. కళాశాలలో విద్యార్థులకు అందుబాటులో ఉన్న సేవల వివరాలనూ, అక్కడ జరిగే కార్యక్రమాల విశేషాలనూ కలిపి నెలకొకసారి ఒక పత్రంగా తీసుకురావలసిందిగా మా ప్రిన్సిపాల్ గారు ఈ ఏడాది నాకు అప్పగించారు. పని చిన్నదే అనుకొని ఒప్పుకున్నాను గానీ, మొదలుపెట్టాక ఎటు నుంచి నరుక్కురావాలో తెలియడం లేదు.

మా దగ్గర సేవలకు కొదవ లేదు. గ్రంథాలయానికి ఎన్-లిస్ట్ (కళాశాలలకు ఈ-పత్రికలు, ఈ-పుస్తకాలు అందించే పథకం) సభ్యత్వం ఉంది, ఉపకార వేతనాల కాగితాలు తీసుకునే కిటికీ ఉంది, ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉంది, జాతీయ సేవా పథకం యూనిట్ ఉంది. అవి ఉన్నాయన్న సంగతే చాలామంది విద్యార్థులకు తెలియదు. పోయిన నెల తృతీయ సంవత్సరం అమ్మాయి ఒకతె ప్రాజెక్టు కోసం బజారులోని నెట్ సెంటరులో డబ్బు కట్టి, వ్యాసాలు ప్రింటు తీయించుకొని వచ్చింది. వాటిలో రెండు మన గ్రంథాలయం ఇచ్చే యూజర్ ఐడీతో ఇంట్లో కూర్చొనే చదువుకోవచ్చునని చెబితే, ఆమె కొంతసేపు నా ముఖంలోకి చూసి, "మూడేళ్ళయింది మేడం, ఎవరూ చెప్పలేదు" అన్నది. నేను కూడా చెప్పలేదన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది.

కారిడార్‌లో గాజు తలుపుల నోటీసు బోర్డు ఒకటి ఉంది, దానికి తాళం. నిన్న దగ్గరికి వెళ్ళి చూశాను. నిరుటి పరీక్ష ఫీజు గడువు కాగితం ఇంకా అందులోనే ఉంది. దాని పక్కన ర్యాగింగ్ నిషేధ పోస్టరు ఎండకు పసుపుపచ్చగా మారిపోయింది. ఆ పోస్టరు మీద హెల్ప్‌లైన్ నంబరులోని చివరి రెండంకెలను కప్పేస్తూ ఎవరో రక్తదాన శిబిరం కరపత్రాన్ని గుండుసూదితో గుచ్చారు. ఇక తరగతికొకటి చొప్పున ఉన్న వాట్సాప్ గ్రూపుల్లో శుభోదయాల మధ్య, పుట్టినరోజు కేకుల బొమ్మల మధ్య గడువు తేదీలు ఎటో కొట్టుకుపోతున్నాయి.

ఇలాంటి పత్రం నడిపినవారు ఇక్కడ ఎవరైనా ఉంటే, అందులో ఏం వేశారో, కాగితం మీద తెచ్చారో ఫోనుకు పంపారో, ఏ భాషలో రాశారో, అన్నిటికన్నా ముఖ్యంగా అది చదివేలా ఎలా చేయగలిగారో దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (గ్రంథపాలకుడు, ఆంధ్రప్రదేశ్)

మేడం గారికి నమస్కారం. మీరు చెప్పిన అమ్మాయి వంటివారు మా దగ్గరికి నెలకు ఇద్దరైనా వస్తారు, కాబట్టి ముందుగా ఎన్-లిస్ట్ సంగతే రాస్తాను. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే ఈ పథకంలో 6,000కు పైగా ఈ-పత్రికలు, లక్షల సంఖ్యలో ఈ-పుస్తకాలు ఉన్నాయి. కళాశాల చందా కట్టినంత మాత్రాన అవి విద్యార్థి ఫోనులో తెరుచుకోవు. కళాశాల తరఫున నియమితుడైన వ్యక్తి ఒక్కొక్కరి పేరూ నమోదు చేసి ఐడీ ఇస్తేనే తెరుచుకుంటాయి. ఈ నమోదు మా కళాశాలలో ఏళ్ళ తరబడి అధ్యాపకుల దగ్గరే ఆగిపోయింది. మీ కళాశాలలో విద్యార్థుల జాబితా ఎక్కించారో లేదో ముందు కనుక్కోండి, ఎందుకంటే పత్రంలో "ఉచితంగా లభిస్తుంది" అని వేశాక, వచ్చిన విద్యార్థికి ఐడీ లేదని చెప్పవలసి వస్తే రెండో సంచికను ఎవరూ నమ్మరు. ఐడీలు ఆలస్యమయ్యేటట్టుంటే, ఐఐటీ ఖరగ్‌పూర్ ఆధ్వర్యంలోని జాతీయ డిజిటల్ గ్రంథాలయం చిరునామా ఇవ్వండి. అందులో విద్యార్థి తానే నమోదు చేసుకోవచ్చు, రుసుము లేదు.

చదివించడం గురించి నా అనుభవం ఒకటి చెబుతాను. విద్యార్థి తప్పనిసరిగా చూసే కాగితం మా గ్రంథాలయంలో ఒకటే ఉంది. అది పుస్తకం చివర అతికించే గడువు చీటీ. జరిమానా భయంతో ప్రతివాడూ దాన్ని తిరగేసి చూస్తాడు. రెండేళ్ళ క్రితం ఆ చీటీ అడుగున ఉన్న ఖాళీలో మూడు వరుసలు అచ్చు వేయించాను: ఎన్-లిస్ట్ ఐడీ కావాలంటే ఎవరి బల్ల దగ్గరికి రావాలి, ఏ వేళలో రావాలి, ఏం తీసుకురావాలి. గుర్తింపు కార్డు తప్ప మరేమీ అక్కరలేదని చివరి వరుసలో రాశాను. ఆ ఒక్క సెమిస్టరులో నా బల్ల దగ్గరికి వచ్చినవారు అంతకుముందు రెండేళ్ళలో వచ్చినవారి కంటే ఎక్కువ. అందువల్ల మీ పత్రాన్ని కొత్త చోట అతికించే బదులు, విద్యార్థి చూపు ఇప్పటికే ఎక్కడ ఆగుతోందో చూసి అక్కడ పెట్టడం మేలని నా అభిప్రాయం. మంచినీళ్ళ ఫిల్టరు పక్క గోడను నేను గట్టిగా సిఫారసు చేస్తాను. సీసా నిండేదాకా అక్కడ ఎవరికీ వేరే పని ఉండదు.

సమాధానం 2 (విశ్రాంత తెలుగు అధ్యాపకుడు)

గ్రంథపాలకుల వారి గడువు చీటీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. 1980లలో మేము సైక్లోస్టైల్ (స్టెన్సిలు అనే మైనపు కాగితం నుంచి నకళ్ళు తీసే పాత యంత్రం) మీద పక్షానికొక పుట తీసేవాళ్ళం. టైపు యంత్రం మీద స్టెన్సిలు కొట్టేటప్పుడు ఒక అక్షరం తప్పు పడితే, గోళ్ళరంగు లాంటి ద్రవాన్ని దాని మీద పూసి, ఆరేదాకా నోటితో ఊది, మళ్ళీ అదే చోట సరైన అక్షరం కొట్టవలసి వచ్చేది. ఇంత ప్రయాస ఉండేది కాబట్టి అక్కరలేని మాట ఒక్కటీ రాసేవాళ్ళం కాదు. ఇప్పుడు ఆ ప్రయాస లేదు. దాంతో మాటలు పెరిగిపోయాయి. ఇది ముసలివాడి చాదస్తమని మీరు అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

భాష గురించి అడిగారు. తెలుగులోనే రాయండి. అయితే కార్యాలయపు తెలుగులో మాత్రం రాయకండి. "సంబంధిత విద్యార్థులు సంబంధిత ధ్రువపత్రములతో సంబంధిత విభాగమును సంప్రదించవలసినదిగా తెలియజేయడమైనది" అనే వాక్యాన్ని నేను ఉద్యోగంలో ఉన్న కాలమంతా చదివాను, ఒకటి రెండు సార్లు సంతకం కూడా చేశాను. అందులో ఎవరు, ఏ కాగితం, ఏ గది అన్న మూడింటిలో ఒక్కటీ లేదు. మా పుటలో ఒక నియమం పెట్టుకున్నాము. ఏ కబురైనా ఎవరికి, ఎక్కడ, ఏం తీసుకొని, ఎప్పటిలోగా అన్న నాలుగింటికీ సమాధానం చెప్పకపోతే దాన్ని తిరిగి ఆ విభాగానికే పంపేవాళ్ళం. మొదట్లో ఆఫీసు సూపరింటెండెంటు గారికి కోపం వచ్చింది. తరువాత తరువాత ఆయనే నాలుగూ రాసి పంపడం మొదలుపెట్టారు, ఎందుకంటే కిటికీ దగ్గర ఒకే ప్రశ్నకు నలభైసార్లు జవాబు చెప్పే బాధ ఆయనకు తప్పింది.

విద్యార్థుల కథలు, కవితలు కూడా ఇందులోనే వేయమని మీమీద ఒత్తిడి వస్తుంది. తెలుగు మాస్టారినై ఉండి చెబుతున్నాను, వేయకండి. వాటికి వార్షిక సంచిక ఉంది, గోడపత్రిక ఉంది. పరీక్ష ఫీజు గడువు పక్కన వెన్నెల మీద కవిత వేస్తే రెండింటికీ అన్యాయమే.

సమాధానం 3 (పూర్వ విద్యార్థిని, తెలంగాణ)

పెద్దలు క్షమించాలి, నేను కొంచెం భిన్నంగా చెబుతున్నాను. మూడేళ్ళ క్రితం డిగ్రీ పూర్తి చేశాను, మాది కళాశాల ఉన్న పట్టణానికి దూరపు పల్లె. మా ఇంట్లో కళాశాల గడప తొక్కినదాన్ని నేనే మొదటిదాన్ని. నాకు సమాచారం అందక నష్టం జరిగిన మాట నిజమే గానీ, సమాచారం అందినా పని జరగని సందర్భాలు అంతకంటే ఎక్కువ. ఉపకార వేతనాల వెబ్‌సైటు ఈ-పాస్‌లో దరఖాస్తు చేసి, కులం, ఆదాయం ధ్రువపత్రాల కోసం మీసేవ చుట్టూ తిరిగి, ఆ కాగితాల కట్ట కళాశాలలో ఇవ్వడానికి వెళితే, కిటికీ తెరిచి ఉండే వేళ సరిగ్గా మా ప్రయోగశాల పీరియడు వేళ. ప్రయోగం వదిలేస్తే హాజరు పోతుంది, ఉపకార వేతనానికి ఆ హాజరే 75 శాతం ఉండాలి. నాలుగు గంటలకు తరగతులు ముగిసేసరికి కిటికీ మూసేసేవారు, నాలుగుంబావుకు మా ఊరి ఆఖరి బస్సు. కిటికీ వేళలను ఎంత చక్కని తెలుగులో అచ్చు వేసినా నాకు ఒరిగేదేముంది?

కాబట్టి మేడం గారూ, ఆ పత్రంలో ప్రకటనలతో పాటు జరిగిన పనుల లెక్క కూడా వేయమని నా మనవి. అమ్మాయిల గదిలో గడియ విరిగిందని పోయిన నెల ఫిర్యాదు వచ్చింది, ఈ నెల బాగుచేశారు. లేదా ఇంకా చేయలేదు, కారణం ఇది. ఇలా రాస్తే విద్యార్థి తన ఫిర్యాదు ఏమైందో చూసుకోవడానికైనా పత్రం చేతిలోకి తీసుకుంటుంది. "చేయలేదు" అని రాయడానికి మీ ప్రిన్సిపాల్ గారు ఒప్పుకుంటారో లేదో ముందే అడగండి.

ఇంకొకటి, పాత సమాచారం తీసేయడం కొత్తది వేయడమంత అవసరం. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. ఆ తరువాత చాలా కాలం మా కళాశాల గోడ మీద "విద్యార్థినుల బస్ పాస్ దరఖాస్తుల చివరి తేది" కాగితం వేలాడుతూనే ఉంది. కొత్తగా చేరిన పిల్లలు దాన్ని చూసి ఫొటోలు పట్టుకొని ఆఫీసుకు వచ్చేవారట.

సమాధానం 4 (జాతీయ సేవా పథకం ప్రోగ్రాం ఆఫీసరు)

చెల్లెమ్మ అడిగిన లెక్కకు ఆధారం నిబంధనల్లోనే ఉంది. విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారం గురించి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం, కళాశాల కమిటీ ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో తన సిఫారసులతో నివేదిక ఇవ్వాలి. దానితో తృప్తి పడని విద్యార్థి విశ్వవిద్యాలయ స్థాయిలో ఇలాంటి అప్పీళ్ళు వినే అధికారి అయిన అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. కమిటీలో విద్యార్థి ప్రతినిధి ఒకరు ప్రత్యేక ఆహ్వానితులుగా ఉంటారు. మేడం గారు ఆ ప్రతినిధిని కలిస్తే మొదటి సంచికకు సగం సరుకు అక్కడే దొరుకుతుంది.

అయితే ఒక హెచ్చరిక. ఏ ఫిర్యాదు ఎవరు చేశారో తెలిసేలా ఒక్క అక్షరం కూడా పడకూడదు. గడియ విరిగిన సంగతి వేయవచ్చు. వేధింపు, ర్యాగింగ్ వంటివాటి వివరాలు అసలే వద్దు, వాటికి ఎక్కడ చెప్పుకోవాలో మాత్రమే వేయాలి. ఉపకార వేతనాల జాబితాలను కులం, ఆధార్ నంబర్లతో సహా గోడకు అంటించిన కళాశాలను నేను కళ్ళారా చూశాను. ఆ జాబితా ముందు నిలబడి నవ్వుకుంటున్న పిల్లలనూ చూశాను.

ప్రతి సంచికలోనూ మారకుండా ఒకే మూలన ఉండవలసినవి రెండు నంబర్లు. ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522, ఇది రాత్రింబవళ్ళూ పనిచేస్తుంది. మనసు బాగోలేనప్పుడు మాట్లాడడానికి టెలీ మానస్ 14416, ఇందులో తెలుగులో మాట్లాడవచ్చు. వీటి మీద మాత్రం రక్తదానం కరపత్రాలు గుచ్చనివ్వకండి.

రాసేవాళ్ళ కొరత గురించి దిగులు పడనక్కరలేదు. మా వాలంటీర్లు రెండేళ్ళలో 240 గంటల సేవ చేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం దీనికి అదనం. ఈ కబుర్లు సేకరించే పనిని ఆ గంటల్లో లెక్కించవచ్చునేమో మీ ప్రోగ్రాం ఆఫీసరుతో మాట్లాడండి. మా దగ్గర ఇద్దరు పిల్లలు వారానికోసారి ఆఫీసు, గ్రంథాలయం, హాస్టలు తిరిగి వస్తారు. ఓటరు నమోదు సంగతి కూడా వాళ్ళే పట్టుకొచ్చారు. జనవరి 1తో పాటు ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 నాటికి 18 ఏళ్ళు నిండేవారు కూడా ఓటు హక్కుకు అర్హులేనని, 17 నిండాక ముందుగానే ఓటరు నమోదు దరఖాస్తు (ఫారం 6) పెట్టుకోవచ్చునని మా అధ్యాపకుల్లోనే కొందరికి తెలియదు. నాకూ అప్పటిదాకా పూర్తిగా తెలియదు.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ కృతజ్ఞతలు. ఈ నాలుగు రోజుల్లో మీరు చెప్పిన వాటిని పట్టుకొని కొంత తిరిగాను. ఎన్-లిస్ట్ విషయంలో గ్రంథపాలకుల వారి అనుమానమే నిజమైంది. మా చందా సక్రమంగానే ఉంది గానీ, విద్యార్థుల పేర్లు నిరుడు ఎక్కించనే లేదు. జాబితా సిద్ధం చేయడం మొదలైంది, అది పూర్తయ్యేదాకా ఆ వార్త ఆపుతున్నాను.

కిటికీ వేళల గురించి పూర్వ విద్యార్థిని రాసినదాన్ని పేరు లేకుండా ప్రిన్సిపాల్ గారికి చదివి వినిపించాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరువాత టైంటేబుల్ తెప్పించి, బీఎస్సీ ప్రయోగశాల వేళలతో పోల్చి చూశారు. మా దగ్గరా అదే పరిస్థితి. వారానికి రెండు రోజులు మధ్యాహ్న భోజన విరామంలో కూడా కిటికీ తెరిచి ఉంచేందుకు ఆఫీసు ఒప్పుకుంది, తొలి సంచికలో మొదటి వార్త అదే. ఇక "చేయలేదు" అని రాయడం గురించి అడిగితే, కారణం కూడా రాసేటట్టయితే అభ్యంతరం లేదన్నారు. ఆ కారణం ఎవరు చెప్పాలన్నది మాత్రం తేలలేదు.

పత్రం ఒకే పుట, తెలుగులో, కొంచెం పెద్ద అక్షరాల్లో వస్తుంది. నీళ్ళ ఫిల్టరు దగ్గర ఒకటి, అమ్మాయిల విశ్రాంతి గదిలో ఒకటి, గేటు దగ్గర బస్సు కోసం నిలబడే చెట్టు కింద ఒకటి అతికిస్తాము, అదే పుట ఫొటో తరగతి గ్రూపులకు వెళుతుంది. కవితలు లేవు. తెలుగు శాఖవారు నాతో రెండు రోజులుగా మాట్లాడడం లేదు.

నోటీసు బోర్డును కూడా ఖాళీ చేసి, ఆ హెల్ప్‌లైన్ నంబరు మీది కరపత్రం తీసేద్దామని నిన్న ఇద్దరు వాలంటీర్లను వెంటబెట్టుకొని వెళ్ళాను. తాళంచెవి అటెండరు గారి దగ్గర ఉందట, ఆయన సోమవారం దాకా సెలవు. ఆ నంబరును ఒక తెల్లకాగితం మీద పెద్దగా రాసి, గాజు తలుపుకు బయటి వైపు అంటించి వచ్చాము.