ఎనిమిదో తరగతికి వచ్చినా ఇంగ్లీషు చదవలేని పిల్లలు: మీరెలా మొదలుపెట్టారు?

సుద్దముక్క:
ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు చెబుతున్నాను. మొన్న ఒక అబ్బాయిని లేపి పాఠం చదవమంటే గడగడా చదివేశాడు. దగ్గరికి వెళ్లి చూస్తే వేలు మూడో వరుస మీద ఉంది, నోరు ఆరో వరుసలో ఉంది. అంతా బట్టీ! అవే మాటలతో కొత్త వాక్యం ఒకటి బోర్డు మీద రాస్తే పెదవి కదపలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇలాంటివాళ్లు తరగతిలో ఆరేడుగురు ఉన్నారు. ఇక మాట్లాడటం సంగతి చెప్పనక్కరలేదు. ఈ వయసులో మళ్లీ ఎ, బి, సి, డి అంటే చిన్నబుచ్చుకుంటారు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

నల్లబల్ల:
అక్షరాల పేర్లు వాళ్లకు వచ్చండి, రానివి ధ్వనులు. తెలుగులో 'క' ఎక్కడ రాసినా 'క'యే. ఇంగ్లీషులో 26 అక్షరాలే దాదాపు 44 ధ్వనులను మోయాలి. 'సి' క్యాట్‌లో ఒకలా, సిటీలో మరోలా ఎందుకు పలుకుతుందో ఎవరూ చెప్పకపోతే పిల్లవాడికి మిగిలే దారి బట్టీయే.

నేను రోజూ పది నిమిషాలు తీసి, వారానికి ఒక్క సూత్రమే చెప్పాను. మొదటిది మాట చివర వచ్చే 'ఇ' (e). హ్యాట్ చివర 'ఇ' చేరిస్తే హేట్, కిట్ చివర చేరిస్తే కైట్. అది తాను పలకదు, ముందున్న అచ్చును దాని పేరుతో పలికిస్తుంది. మర్నాడే ఒక అమ్మాయి పుస్తకమంతా తిరగేసి అలాంటి మాటల కింద పెన్సిలుతో గీతలు గీసుకొచ్చింది. 'హ్యావ్', 'గివ్' దగ్గర ఆగి, ఇవెందుకు లొంగడం లేదని అడిగింది! ఇంగ్లీషు మాటలు మామూలుగా 'వి' అక్షరంతో ముగియవు, అందుకే అక్కడ 'ఇ' చేరిందని చెప్పాను. ఆ ప్రశ్న విన్నప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఒక్క మాట. చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు మాత్రం వాళ్ల చేతికి ఇవ్వకండి. వాళ్ల వయసుకు తగిన విషయం మీద నాలుగు వాక్యాలు మీరే రాయండి.

కిటికీపక్క:
సూత్రాలు అవసరమే, కానీ అన్నిచోట్లా పనిచేయవు. టఫ్ (tough), త్రూ (through), దో (though) అనే మూడు మాటల్లోనూ చివరి నాలుగు అక్షరాలు ఒకటే, పలికేది మూడు రకాలు. ఇలాంటివి చూసి గుర్తుపట్టాల్సిందే. నేను ఒకే పేరాను జంటలుగా నాలుగుసార్లు చదివిస్తాను. ముందు నేను చదువుతాను, తర్వాత వాళ్లు ఒకరికొకరు వినిపించుకుంటారు. తడబడే పిల్లలను అందరి ముందు ఒంటరిగా నిలబెట్టి చదివించడం పూర్తిగా మానేశాను.

వెనకబెంచి:
నేను టీచరును కాను, ఒకప్పుడు ఆ అబ్బాయి లాంటివాడినే. ప్రశ్న అడిగిన మరుక్షణం పక్కవాడిని లేపేవారు. తెలుగులో చివర వచ్చే క్రియను ముందుకు జరిపి, మనసులో వాక్యం పేర్చుకునేలోపు నా వంతు దాటిపోయేది. తర్వాత వచ్చిన మేడమ్ అడిగి ఆగేవారు. లోలోపల ఐదు లెక్కపెట్టేవారట. నా మొదటి ఇంగ్లీషు వాక్యం ఆ ఐదు అంకెల మధ్యలోనే పుట్టింది. అందులో తప్పుంది. ఆమె అది పట్టించుకోకుండా నేను చెప్పిన విషయం గురించే ఇంకో ప్రశ్న వేశారు.

మాటలమూట:
ఎప్పటికీ సరిదిద్దకపోయినా కష్టమేనండి. టీచరే సరైన రూపం తిరిగి చెప్పేయడం ఎక్కువగా కనిపించే పద్ధతి. అయితే దానివల్ల పిల్లలు తమంతట తాము దిద్దుకోవడం తక్కువని 1997లో లిస్టర్, రాంటా అనే పరిశోధకులు చేసిన పరిశీలనలో తేలింది. 'నిన్న ఐ గో' అన్న పిల్లవాడిని నేను "నిన్నటి మాట కదా?" అని మాత్రమే అడుగుతాను. ఒక్క క్షణం ఆగి 'వెంట్' అని తనే అంటాడు.

ధారాళంగా మాట్లాడటానికి 4-3-2 పద్ధతి చేసి చూడండి. ఒకే సంగతిని ఒకరికి నాలుగు నిమిషాలు, ఇంకొకరికి మూడు, మరొకరికి రెండు నిమిషాల్లో చెప్పాలి. వినేవారు మారతారు, చెప్పే సంగతి మారదు. మూడోసారికి ఆ తడుముకోవడం ఎంత తగ్గుతుందో మీరే చూస్తారు. మొదట్లో నాలుగు నిమిషాలు ఎక్కువైతే రెండుతో మొదలుపెట్టండి.

సుద్దముక్క:
అందరికీ ధన్యవాదాలు. చివరి 'ఇ' నిన్ననే చెప్పాను. ఆ అబ్బాయి 'కేక్', 'టైమ్' వేలు పెట్టి చదివాడు, ఈసారి వేలూ నోరూ ఒకే మాట మీద ఉన్నాయి. నల్లబల్ల గారూ, సిలబస్ వెనకబడకుండా ఆ పది నిమిషాలు ఎక్కడి నుంచి తీశారు?

నల్లబల్ల:
బోర్డు మీది జవాబులు నోట్సులోకి ఎక్కించే సమయంలోంచి.