బాటిల్డ్ ఇన్ బాండ్ అని రాస్తే పన్ను తగ్గుతుందా? ఆ రెండు డీఎస్పీ నంబర్లు ఏంటి?

లేబుల్‌చదువరి:
ఒకే కంపెనీ బర్బన్ (అమెరికన్ విస్కీ) రెండు రకాల సీసాల్లో వస్తోంది. ఒకటి 80 ప్రూఫ్, అంటే 40 శాతం ఆల్కహాల్. ఇంకోటి 100 ప్రూఫ్, అంటే 50 శాతం, దాని మీద "బాటిల్డ్ ఇన్ బాండ్" అని ఉంది. బాండ్ అంటే పన్ను కట్టకుండా నిల్వ పెట్టడమే అయితే ఈ సీసాకి పన్ను తక్కువ పడాలి కదా, మరి ధర ఎందుకు ఎక్కువ? మన దగ్గర దిగుమతి సరుకు పెట్టే కస్టమ్స్ బాండెడ్ గోదాముకీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా? లేబుల్ వెనక డీఎస్పీ-కేవై-1, డీఎస్పీ-కేవై-31 అని రెండు నంబర్లు ఎందుకున్నాయో కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

గేజింగ్‌లెక్కలు:
పన్ను తగ్గదండి. అమెరికాలో విస్కీ పీపాలో ఉన్నన్నాళ్లూ బాండ్‌లోనే ఉంటుంది, మీరు చెప్పిన 80 ప్రూఫ్ సీసాలోదీ అంతే. స్పిరిట్ తయారైన క్షణం నుంచే దాని మీద ఫెడరల్ ఎక్సైజ్ పన్ను బాధ్యత పడుతుంది. డబ్బు కట్టాల్సింది మాత్రం సరుకు బాండెడ్ ఆవరణ దాటినప్పుడే. ఈ మధ్యకాలానికి డిస్టిలరీ ప్రభుత్వానికి ఇచ్చే పూచీకత్తే బాండ్.

పన్నుని ప్రూఫ్ గ్యాలన్లలో లెక్కేస్తారు. 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 50 శాతం ఆల్కహాల్ ఉన్న ఒక అమెరికన్ గ్యాలన్ (3.785 లీటర్లు) ఒక ప్రూఫ్ గ్యాలన్. పూర్తి రేటు 13.50 డాలర్లు. 750 మి.లీ. సీసా 100 ప్రూఫ్‌లో 0.198 ప్రూఫ్ గ్యాలన్ అవుతుంది కాబట్టి పన్ను 2.67 డాలర్లు. అదే 80 ప్రూఫ్ అయితే 2.14. అంటే బాండెడ్ సీసా మీద పన్ను 53 సెంట్లు ఎక్కువే. పైగా డిస్ట్రిబ్యూటరూ దుకాణదారూ శాతాల్లో లాభం వేసుకుంటారు కాబట్టి అది మీ దగ్గరికొచ్చేసరికి ఇంకా పెరుగుతుంది. రాష్ట్రాల పన్నులు వేరు.

ఏడాదిలో బయటికి పంపే మొదటి లక్ష ప్రూఫ్ గ్యాలన్లకు రేటు 2.70 డాలర్లే. 2018లో తాత్కాలికంగా మొదలైన ఈ రాయితీని 2020 డిసెంబరులో శాశ్వతం చేశారు. ఒకే యజమాని కింద నాలుగు డిస్టిలరీలున్నా అన్నిటికీ కలిపి ఆ లక్షే. చిన్న డిస్టిలరీలు ప్రాణం నిలుపుకుంటున్నది ఈ రేటు వల్లేనని నా గట్టి అభిప్రాయం.

బాండ్ వల్ల అసలు మేలు ఆవిరి దగ్గర కనిపిస్తుంది. 53 గ్యాలన్ల పీపాని 125 ప్రూఫ్‌తో నింపితే 66.25 ప్రూఫ్ గ్యాలన్లు. ఆ రోజే పన్ను కట్టమంటే పూర్తి రేటున 894 డాలర్లు. కొన్నేళ్లకి అందులో 130 ప్రూఫ్‌తో 40 గ్యాలన్లు మిగిలాయనుకుందాం. 52 ప్రూఫ్ గ్యాలన్లకు 702 డాలర్లు కడితే చాలు, అదీ సరుకు బయటికి వెళ్లినప్పుడు. ఆవిరైపోయినదానికి పన్ను లేదు. దొంగతనం జరిగి అందులో యజమాని నిర్లక్ష్యమో సహకారమో ఉందని తేలితే మాత్రం పోయిన సరుకు మీద కూడా వసూలు చేస్తారు.

పీపామనిషి:
ధర తేడాకి అసలు కారణం లేబుల్ నిబంధనలు. ఒకే డిస్టిలరీలో, ఒకే డిస్టిలర్, ఒకే సీజన్‌లో తీసిన ఒకే రకం స్పిరిట్ అయ్యుండాలి. కనీసం 4 ఏళ్లు చెక్కపీపాలో ఉండాలి. నీళ్లు తప్ప ఏదీ కలపకూడదు, వడపోత ఫర్వాలేదు. సరిగ్గా 100 ప్రూఫ్‌కి తెచ్చి నింపాలి. సీజన్లు రెండే: జనవరి నుంచి జూన్ వరకు ఒకటి, జులై నుంచి డిసెంబరు వరకు ఇంకొకటి.

చిక్కులన్నీ ఇక్కడే వస్తాయి. మామూలు బర్బన్‌కి రుచి కుదరకపోతే 4 ఏళ్ల పీపాల్లో 9 ఏళ్లవి కలిపి సరిచేసుకోవచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. జూన్ 30న తీసినదాన్ని జులై 1న తీసినదానితో కలిపినా ఆ బ్యాచ్ మీద "బాండెడ్" అని రాయకూడదు. ఒకే కంపెనీకి రెండు డిస్టిలరీలున్నా వాటి సరుకు కలపకూడదు. బయట కొన్న విస్కీని సొంత విస్కీతో కలిపి అమ్మే బ్రాండ్లు ఈ మాట ఎందుకు వాడవో అర్థమైంది కదా. ఆ ఆరు నెలల పీపాల్లోంచే రుచి తేవాలి. అందుకే బాండెడ్ సీసా అంటే డిస్టిలర్ పనితనానికి పరీక్ష అంటాను.

నీళ్ల లెక్కలోనూ పొరపాటు పడతారు. 65 శాతం ఉన్న 200 లీటర్లను 50 శాతానికి తెస్తే 260 లీటర్లవ్వాలి, కాబట్టి 60 లీటర్లు పోస్తే చాలనుకుంటారు. ఆల్కహాలూ నీళ్లూ కలిసినప్పుడు పరిమాణం కుంచించుకుపోతుంది, అందుకని సుమారు 62 లీటర్లు పడుతుంది. బరువు తూచి కలపడమే మేలు. ఒకేసారి పోసెయ్యకుండా, చివరి భాగం ఆపి, చల్లారాక హైడ్రోమీటరూ థర్మామీటరూ రెండూ చూసి సరిచేయాలి.

నంబర్ల సంగతి: డీఎస్పీ అంటే డిస్టిల్డ్ స్పిరిట్స్ ప్లాంట్, కేవై అంటే కెంటకీ రాష్ట్రం. తయారైన చోటు, సీసాలో నింపిన చోటు వేరైతే రెండూ రాయాలి. మీరు చూసింది హెవెన్ హిల్ వాళ్ల సరుకు. 1 అంటే లూయీవిల్‌లోని బెర్న్‌హైమ్ డిస్టిలరీ, 31 అంటే బార్డ్స్‌టౌన్. 1996 నవంబరులో బార్డ్స్‌టౌన్ డిస్టిలరీ కాలిపోయాక తయారీ లూయీవిల్‌కి మారింది, సీసాలు నింపడం బార్డ్స్‌టౌన్‌లోనే కొనసాగింది.

సుంకంసారథి:
కస్టమ్స్ బాండెడ్ గోదాముతో పోలిక సూత్రం వరకే. మన 1962 కస్టమ్స్ చట్టం కింద కూడా సరుకుని బాండ్ రాసిచ్చి గోదాములో పెట్టి, బయటికి తీసేటప్పుడు ఎక్స్-బాండ్ బిల్ ఆఫ్ ఎంట్రీ వేసి సుంకం కడతారు. కానీ అలా గోదాములో ఉన్న స్కాచ్ సీసా "బాటిల్డ్ ఇన్ బాండ్" అయిపోదు.

ఆ మాట వెనక ఉన్నది 1897 మార్చి 3 నాటి అమెరికా చట్టం. అప్పట్లో రెక్టిఫయర్లు, అంటే కొన్న స్పిరిట్‌ని మార్చి అమ్మే వ్యాపారులు, చవక స్పిరిట్‌కి రంగూ రుచీ కలిపి పాత విస్కీ పేరుతో అమ్మేవారు. కెంటకీ డిస్టిలర్ ఇ.హెచ్. టేలర్ జూనియర్, ట్రెజరీ కార్యదర్శి జాన్ కార్లైల్ పట్టుబట్టి చట్టం తెచ్చారు. పన్ను కోసం ప్రభుత్వ గేజర్ (సరుకు కొలిచే అధికారి) ఎలాగూ గోదాము కాపలా ఉంటాడు, గోదాముకి రెండు తాళాలుంటే ఒకటి అతనిదే. పన్ను కోసం పెట్టిన ఆ కాపలానే కల్తీ లేదనడానికి సాక్ష్యంగా వాడుకోవడం ఈ చట్టంలోని తెలివి. సీసా మూతి మీద అంటించే ఆకుపచ్చ స్టాంపు మీద ఏ సీజన్‌లో తీశారో, ఏ సీజన్‌లో నింపారో ఉండేది. 1980 నుంచి డిస్టిలరీలో కూర్చునే ఉద్యోగులు లేరు. రికార్డులు, నెలవారీ నివేదికలు, టీటీబీ (మద్యం, పొగాకు పన్నులు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) తనిఖీలు వాళ్ల స్థానంలోకి వచ్చాయి.

లేబుల్‌చదువరి:
బాగా అర్థమైందండి, ధన్యవాదాలు. ఇంకొక్కటి. పీపాలోనే 100 ప్రూఫ్ కంటే కిందికి పడిపోతే ఏం చేస్తారు?

పీపామనిషి:
తేమ ఎక్కువగా, చల్లగా ఉండే కింది అంతస్తుల్లో అలా జరుగుతుంది. అక్కడ నీళ్లకంటే ఆల్కహాల్ త్వరగా పోతుంది. తక్కువ ప్రూఫ్‌తో నింపిన పీపాలకి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అదే సీజన్, అదే డిస్టిలరీ పై అంతస్తు పీపాల్లో ప్రూఫ్ ఎక్కువున్నవాటితో కలిపి 100 దాటించి, తర్వాత నీళ్లతో సర్దుతారు. అలాంటివి లేకపోతే దాన్ని బాండెడ్‌గా అమ్మలేరు, 80 లేదా 90 ప్రూఫ్ సీసాల్లోకి పంపాల్సిందే.